అమానతు కుందేళ్లు

ఆమె పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను ఆమె కుందేలుకు గడ్డి మారుస్తున్నాను. ఊరి నుంచి ఆమె తమ్ముడు మాట్లాడాడు. "మా అక్క లేదక్కా ఇగ. పొద్దుగాలనే పానం పోయింది" అన్నాడు. నేను సరే అన్నాను. అలాంటి మాటకు సరే అంటారా ఎవరైనా? ఫోను పెట్టేసి, వేసిన గడ్డే మళ్లీ తీసి, మళ్లీ వేసి, వంటింట్లోకి వెళ్లి, ఎందుకు వెళ్లానో తెలియక తిరిగొచ్చాను.

"పసిరికలకు మా ఊర్లె మందు పోస్తరు చెల్లె. రెండు దినాలు దీన్ని సూడు. అట్ల పోయి ఇట్ల అస్త" అని దాన్ని నా చేతిలో పెట్టి వెళ్లిన మనిషి. అప్పటికే కామెర్లతో కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. పెద్దాసుపత్రికి పోదామంటే వినలేదు. మెట్లు దిగుతూ కింది నుంచి అరిచింది: "కొత్మీర కడిగి ఆరబెట్టినంక ఎయ్యి! తడితడిది ఎయ్యకు!"

నాందేడ్‌లో మా వాటాకు ఎదురు వాటా ఆమెది. మా ఆయన రైల్వేలో పనిచేస్తారు. నిజామాబాద్ నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నేను ఇంట్లో చీరలకు ఫాల్స్ కుడతాను కాబట్టి పగలంతా మా తలుపు తీసే ఉంటుంది. ఆమె నాయ్‌గావ్ రోడ్డు మీద తిరిగే ఎర్ర బస్సులో కండక్టరు. సరిహద్దు ఊళ్ల మనిషి. ఇంట్లో తెలుగు, బస్సులో మరాఠీ, బజారులో హిందీ. కోపం వస్తే మూడూ ఒకే వాక్యంలో.

ఆమె కూర్చోగా చూసినవాళ్లు మా బిల్డింగులో తక్కువ. అన్నం గిన్నె కిటికీ గట్టు మీద పెట్టుకుని నిలబడే తినేది. "కూసుంటె మెతుకు దిగది చెల్లె" అనేది. కుర్చీ వేస్తే దాని వీపు పట్టుకుని నిలబడేది, బస్సులో సీటు కమ్మీ పట్టుకున్నట్టు. మా ఇంట్లో నలుగురు చేరితే చాలు, "పుఢే సరకా, పుఢే సరకా" అని అందరినీ ముందుకు జరిపేది. పెళ్లి ఎందుకు చేసుకోలేదని ఒకసారి అడిగాను. "ఒక్క దిక్కు నిలవడి సూపిచ్చుకునే తీరిక దొరకలే" అని తాళంచెవి ఊపుకుంటూ వెళ్లిపోయింది.

బస్సులో ఎవరైనా ఏదైనా మరిచిపోతే ఆమెకు నిద్ర పట్టదు. గొడుగు, టిఫిను డబ్బా, చెప్పుల జత, ఎవరో ముసలాయన పళ్ల సెట్టు. డిపోలో అప్పగించి ఊరుకోవచ్చు. ఊరుకునేది కాదు. మర్నాడు ప్రతి స్టాపులో కిటికీలోంచి తల బయటపెట్టి అడిగేది. "అమానతు చెల్లె. ఒకరి సొమ్ము మన తాన ఉంటె అది నిప్పు" అనేది. పళ్ల సెట్టు ముసలాయన దొరికిన రోజు మాకు పేడాలు పంచింది.

దసరా అయిన కొత్తలో ఒక సాయంత్రం వెదురు బుట్ట ఒకటి చంకలో పెట్టుకుని వచ్చింది. పైన తువ్వాలు కట్టి ఉంది.

"చెల్లె, జర తలుపెయ్యి" అంది. తువ్వాలు విప్పితే లోపల రెండు కుందేళ్లు. ఒకటి తెల్లది, ఒకటి బూడిదరంగుది. ఒకదాన్నొకటి నొక్కుకుని కూర్చున్నాయి. ఆఖరి సీటు కింద ఎవరో వదిలేసి దిగిపోయారట. డిపో సాబుకు చూపిస్తే, "వీటిని నేనేం చెయ్యాలె? అడిగెటోళ్లు అచ్చెదాంక నీ తాన్నే ఉంచు" అన్నాడట.

"చెవులపిల్లులు చెల్లె. మా ఊర్లె చేన్లల్ల ఉరుకంగ సూసిన గని చేతుల ఎన్నడు పట్టలే. ఏం తింటయి ఇవి?"

నాకూ తెలియదు. క్యారెట్లు తింటాయని పిల్లల పుస్తకంలో బొమ్మ చూశానంతే. క్యారెట్లు తెచ్చింది. తిన్నాయి. చపాతీ పెట్టింది. అదీ తిన్నాయి. మూడో రోజుకు రెండింటికీ కడుపులు చెడి ఇల్లంతా కంపు. బుట్ట ఎత్తుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తింది, వెనకే నేను. అక్కడి డాక్టరు మరాఠీలో నవ్వుతూ చెప్పాడు: తనకు ఆవులు, మేకలు తెలుసుగానీ కుందేలును చూడడం ఇదే మొదలని. అయినా మంచివాడు. ఎవరికో ఫోను చేసి కనుక్కుని, మందు రాసి, రెండూ ఆడవేనని తేల్చి, ఇక రొట్టె ముట్టనీయొద్దన్నాడు. ఎండుగడ్డే వీటి అన్నం, ఆకుకూర నంజుకోవడానికి మాత్రమే, క్యారెట్టు పండగపూట మిఠాయి. గడ్డి నమలకపోతే పళ్లు పెరిగి నోరు మూతపడుతుందట.

"ఏందీ, పండ్లు పెరుగుతనే ఉంటయా?" అని ఆమె తన పళ్లు తడుముకుంది.

అప్పటినుంచి ఆమె నడక ఇంకా పెరిగింది. డ్యూటీ దిగి పశుగ్రాసం అమ్మే వీధికి పోయి ఎండుగడ్డి, చెరువుగట్టున దొరికితే గరిక. గడ్డి మోపు చంకలో పెట్టుకుని ఖాకీ చొక్కాతో బజారులో వస్తుంటే, ఆవును కట్టేశావా పైన అని కిందివాళ్లు అడిగేవాళ్లు. ఒకరోజు పొద్దున్నే నా తలుపు దడదడ బాదింది. "తెల్లది దాని పెంటికలు అదే తింటున్నది! దీనికి పిచ్చి లేశింది చెల్లె!" మళ్లీ డాక్టరుకు ఫోను. వాటి తీరే అంత, మెత్తటివి తినాల్సిందే, అలా తింటేనే బలం అన్నాడాయన. ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు. అవి టీవీ వైరు కొరికాయి. ఆమె టికెట్ల తోలుసంచి పట్టెడ కొరికాయి. చెవులు పట్టి ఎత్తబోతే బూడిదది వెనక్కాళ్లతో తన్ని ముంజేయి గీరింది. "చెవులు వట్టొద్దట. కింద చెయ్యి వెట్టి, గుండెకు ఆనించి పట్టాలెనట" అని నాకు నేర్పింది, ముంజేతికి పసుపు రాసుకుంటూ.

కానీ పేరు పెట్టలేదు. నేను ఒకటి రెండు పేర్లు అంటే చెయ్యి అడ్డం పెట్టింది. "మనయి గావు. పేరు పెడితె నోట్లె కూసుంటది. రేపు ఇచ్చేటప్పుడు నాలుక మర్లది."

కుందేళ్లు భయపడితే వెనక్కాలు నేలకేసి టక్కున కొడతాయి. ఆ చప్పుడు తలుపు కొట్టినట్టే ఉంటుంది. మొదటి నెలంతా ఆమె ఆ చప్పుడైనప్పుడల్లా లేచి తలుపు తీసేది. నేను నా మిషను దగ్గర కూర్చుని చూస్తుండేదాన్ని. తలుపు తెరిచి, మెట్ల వైపు చూసి, ఎవరూ లేరని మూసేది. మూసేటప్పుడు ఆమె ముఖంలో ఉన్నది నిరాశ అని మాత్రం అనలేను.

శివరాత్రి దగ్గర్లో బూడిదది తినడం మానేసింది. పొద్దున వేసిన మెంతికూర మధ్యాహ్నానికీ అలాగే ఉంది. మూలకు ఒదిగి, వీపు వంచి, పళ్లు గిట్టకరిచి కూర్చుంది. కుందేలు ఒక పూట తినలేదంటే ప్రాణం మీదికి వచ్చినట్టేనని అప్పటికి మాకు తెలుసు. ఆమె బస్సులో ఉంది, సెలవు పెట్టడానికి లేదు. నేనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. సూది వేశాడు. గరిక మెత్తగా నూరి, నీళ్లలో కలిపి, సూది లేని సిరంజితో నోటి పక్కనుంచి కొంచెం కొంచెం పట్టమన్నాడు. పొట్ట మెల్లగా నిమరమన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆమె ప్రతి స్టాపులోనూ ఫోను చేసింది.

"తిన్నదా?"

"ఇంకా లేదక్కా."

"పెంటికలు ఏసిందా?"

"లేదక్కా."

వెనక నుంచి గంట, డ్రైవరు కేక, ఎవరిదో చంటిపిల్ల ఏడుపు. ఫోను తెగేది. మళ్లీ తరువాతి స్టాపు. "తిన్నదా?" నాకు విసుగొచ్చి, భయమేసి, ఒళ్లో గుడ్డ పరిచి దాని పొట్ట నిమురుతూ కూర్చున్నాను. దాని గుండె నా అరచేతి కింద గబగబ కొట్టుకుంటోంది. పొద్దు వాలే వేళకు గుడ్డ మీద రెండు చిన్న పెంటికలు కనిపించాయి. మిరియాల గింజల్లా. నేనే ఫోను చేసి అరిచాను. "వేసింది అక్కా! వేసింది!"

ఆమె ఫోను పెట్టెయ్యడం మరిచింది. తరువాత బస్సులో ఎవరితోనో మరాఠీలో అంటున్న మాట వినిపించింది, మా ఇంటి పిల్లకు నయమైందని. ఎవరో ముసలమ్మ, పిల్లకు దిష్టి తియ్యి తల్లీ అంది.

అయినా వెతకడం మానలేదు. అదే నాకు అర్థమయ్యేది కాదు. ప్రతి ట్రిప్పులో, ప్రతి ఫాటా దగ్గర, అంటే ఊళ్లోకి దారి చీలే చోట, "చెవులపిల్లుల బుట్ట ఎవలిదన్న పోయిందా?" అని అడుగుతూనే ఉంది. ఉగాది వెళ్లాక దొరికాడు. నాయ్‌గావ్ రోడ్డులో ఒక ఫాటా దగ్గర చాయ్ హోటలు నడిపే ఆయనవే ఆ కుందేళ్లు. కూతురు అడిగిందని నాందేడ్‌లో కొని, చక్కెర మూట, నూనె డబ్బా దించే హడావుడిలో బుట్ట మరిచాడట. ఎవరో ఎత్తుకుపోయారనుకుని వదులుకున్నాడట, పొయ్యి దగ్గర ఉండి ఆమె కేక ఎన్నడూ వినలేదట.

మర్నాడే ఇచ్చేసింది. బుట్టతోపాటు గడ్డి మోపు, నీళ్ల మూకుడు, ఎండపూట చల్లగా ఉంటుందని వాటిని పడుకోబెట్టే పెంకు కూడా ఇచ్చింది. "ఎందుకు చెప్పావక్కా ఆయనకు?" అని నేను ఏడుపు గొంతుతో అడిగితే, "సొమ్ము గలాయన దొరికినంక దాచిపెడితె దాన్ని ఏమంటరు?" అని నామీదే కసురుకుంది. ఆ ఆదివారం ఇల్లంతా కడిగింది. సోమవారం మళ్లీ కడిగింది.

ఇక ఎండలు ముదిరాయి. ఈ జిల్లాలో చైత్రం దాటితే తారు కరిగి చెప్పులకు అంటుకుంటుంది. చాయ్ హోటలాయన కుందేళ్లను తీగల డబ్బాలో పెట్టి హోటలు ముందు ఉంచాడు. చూడడానికి పిల్లలు ఆగుతారు, పిల్లల కోసం పెద్దలు ఆగుతారు. చెడ్డవాడేం కాదు. నీళ్లు పెట్టేవాడు, కూర వేసేవాడు. నీడ సంగతి మాత్రం తట్టేది కాదు. కోళ్లు తిరగడం లేదా ఎండలో అనుకున్నాడు.

ఆమె ఆ దారిలో రోజూ పోయేది కదా. మొదట కిటికీలోంచి చూసింది. రెండో రోజు నుంచి బస్సు ఆపించడం మొదలుపెట్టింది. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు లేకపోయినా ఆపమని ఒక్క గంట కొట్టి, దిగి, డబ్బాను రేకుల నీడకు లాగి, సీసాలో నీళ్లు గోనె మీద పోసి కప్పి, పొమ్మని జంట గంట కొట్టి బయల్దేరేది. బస్సు పోగానే ఆయన డబ్బాను మళ్లీ ముందుకు జరిపేవాడు. ఆ నీడలో గిరాకీల మోటారు సైకిళ్లు నిలబడాలి. ప్యాసింజర్లు గొణిగారు. ఎవరో డిపోలో ఫిర్యాదు కూడా చేశారు.

ఒకరోజు పొద్దున నేను నాయ్‌గావ్‌లో పెళ్లికి పోతూ ఆమె బస్సే ఎక్కాను. ఫాటా దగ్గర దిగి ఆమె డబ్బా లాగుతుంటే హోటలాయన బయటికి వచ్చాడు.

"కండక్టరమ్మా, రోజు గిదే లొల్లి ఏంది? నీ బస్సు నువ్వు సూస్కో, నా హోటలు నేను సూస్కుంట."

"అన్నా, ఇవి ఎండకు తాళవు. వీటికి చెమట రాదు. గోనె తడుపు, నీడకుంచు. గంతే అడుగుతున్న."

"సరే తీయమ్మా, సూస్త తీ" అన్నాడు, వదిలించుకోవడానికి. రెండూ బాగానే ఉన్నాయి. తెల్లది ఆమె వేళ్లు వాసన చూసింది.

తిరుగు ప్రయాణమూ ఆమె బస్సులోనే. మిట్టమధ్యాహ్నం. బస్సులో పెళ్లివాళ్లు, సంతవాళ్లు కిక్కిరిసి ఉన్నారు. ఫాటా ఇంకా కొంచెం దూరం ఉండగానే ఆమె తలుపు దగ్గరికి చేరింది. డబ్బా ఎండలో ఉంది. గోనె పక్కకు జారి, ఎండి అట్ట కట్టింది. దిగి వంగి చూసింది. చాలాసేపు లేవలేదు. అరిచి గోల చేస్తుందనుకుంటే అరవలేదు. నాకు భయమేసి దిగాను.

తెల్లది పక్కకు ఒరిగి ఉంది, నోరు తెరుచుకుని. బూడిదది దాని పక్కనే నేలకు కరుచుకుని రొప్పుతోంది.

ఆమె తీగ విప్పింది. ముందు తెల్లదాన్ని తీసింది. కింద చెయ్యి పెట్టి, గుండెకు ఆనించి, బతికున్నదాన్ని ఎత్తినట్టే. రేకుల నీడలో పడుకోబెట్టి తన తువ్వాలు కప్పింది. తరువాత గోనెను నీళ్ల తొట్టిలో ముంచి, పిండి, బూడిదదాన్ని అందులో చుట్టింది. హోటలాయన చాయ్ వడపోసే గుడ్డ చేతిలోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, అది నాది."

"నీదే. నాదని నేనన్ననా? ఎత్కపోతున్న. బస్సంత సూస్తున్నది. పోలీసుల తానికి పోతవా, పో. నేనెవరో నీకెర్కే, బస్సు నీకెర్కే."

ఆయన తువ్వాలు వైపు చూశాడు. "పొద్దుగాల మంచిగనే ఉండె గదా" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.  ఆమె మెట్టు మీద కాలు పెట్టాక వెనక నుంచి, "మా పోరి అడిగితె ఏం చెప్పాలె అక్కా?" అన్నాడు.

"తీస్కరా నా తానికి. నేను చెప్త."

జంట గంట కొట్టింది. బస్సు కదిలింది. ఒక చేత్తో తడి గోనెను ఖాకీ చొక్కాకు అదుముకుని, రెండో చేత్తో మిషను నొక్కి, టికెట్టు చించింది. ఆ ఫాటా నుంచి నాందేడ్‌కు. నేను అర్థంకాక చూశాను.

"ఏందక్కా ఇది?"

"సామాను టికెట్టు. దొంగిలిచ్చిన మాలు, పైంగ టికెట్టు లేకుంట తీస్కపోతె రెండు తప్పులైతయి."

ముందు సీట్లో ముసలాయన ఒకడు పకపకా నవ్వాడు. తరువాత అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.  "పుఢే సరకా" అంటూ జనంలోంచి ముందుకు వెళ్లింది. కిటికీ దగ్గర సీటు ఖాళీ చేసి ఇచ్చారు. గాలి తగలాలని గోనెను ఆ సీటు మీద పెట్టి, తాను పక్కన నిలబడింది.

ఎవరూ ఫిర్యాదు చేయకముందే డిపో సాబుకు తానే చెప్పేసింది, ఫలానా చోట ఫలానాది ఎత్తుకొచ్చానని. ఆయన తల పట్టుకున్నాడట. ముద్‌ఖేడ్ రూటుకు మార్చేశాడు.

ఆదివారం హోటలాయన కూతురితో వచ్చాడు. పిల్లకు పదేళ్లుంటాయేమో. ఆమె పొద్దుటి నుంచి ఏం చెప్పాలో నా దగ్గర నాలుగైదు రకాలుగా చెప్పి చూసుకుంది. తీరా పిల్ల వచ్చి బూడిదదాని ముందు మోకాళ్ల మీద కూర్చునేసరికి అన్నీ మరిచింది. గోడకానుకుని నిలబడి, "ఒగటి సచ్చిపోయింది బిడ్డా. ఎండకు" అంది. "మీ నాయిన మీద కోపం జేయకు. ఆయనకు ఎర్క లేకుండె. నాకు ఎర్కుండె. ఎర్కుండి ఇచ్చిన."

 పిల్ల కొత్తిమీర కాడ ఒకటి తీసి కుందేలుకు అందించింది. అది తీసుకుంది.

ఆ తరువాత రెండేళ్లలో నేను ఆ మాటనే ఎన్ని విధాల విన్నానో. పప్పు పోపు వేస్తూ, మెట్ల మీద బియ్యం సంచి దించుతూ, ఏ సందర్భమూ లేకుండా. "ఆ దినం ఇయ్యకుంటె ఏమైతుండె చెల్లె?" ఇవ్వకపోతే నువ్వు నువ్వు కావు కదా అక్కా అనేదాన్ని ఒకసారి. ఇవ్వాల్సింది కాదు అనేదాన్ని ఇంకోసారి. ఏది చెప్పినా ఆమెకు ఆనేది కాదు. "నువ్వు నిన్నొకటి, ఇయ్యాలొకటి చెప్తవ్" అని విసుక్కుని, వెళ్లి కుందేలు ముందు మూకుడులో నీళ్లు పారబోసి, కొత్తవి పోసేది. అవి అంతకుముందే పోసిన నీళ్లయినా సరే.

ఇప్పుడు ఆమె పోయి నెల దాటింది. పదకొండో రోజున ఊరికి వెళ్లినప్పుడు తమ్ముడు కుందేలు సంగతి అడిగాడు. ఎవరైనా దొరికేదాకా నా దగ్గర ఉంటుందిలే అన్నాను. అడిగిన ప్రతివాళ్లకూ అదే చెబుతూ వచ్చాను. మా ఆయనకు ఆ వాసన పడదు. నాకు ఒక్క రోజు ఊరికి పోవాలన్నా ఎవరికి అప్పగించాలో తెలియదు. పొద్దున లేవగానే అది తిన్నదా లేదా చూసేదాకా నా చేతికి సూది నిలవదు.

మొన్న మధ్యాహ్నం తలుపు దగ్గర హోటలాయన నిలబడి ఉన్నాడు. ఆమె సంగతి ఆలస్యంగా తెలిసిందట. లోపలికి రమ్మని చాయ్ ఇచ్చాను. చాయ్ అమ్మేవాడికి చాయ్ ఇవ్వడమేమిటో, అదొక్కటే తట్టింది. ఆయన చాయ్ తాగుతూ కుందేలును చూస్తున్నాడు. అది గడ్డిలో పడుకుని చూస్తోంది. దీన్ని తీసుకుపోవడానికే వచ్చాడు అనుకున్నాను. తీసుకుపోనీ, ఆయనదే కదా అనుకున్నాను. మెంతికూర కట్ట విప్పాను, మళ్లీ కట్టాను. ఆయన బిడ్డ చదువు గురించి ఏదో చెప్పాడు. వానలు పడలేదన్నాడు. లేచి, చెప్పులు తొడుక్కుని, గడప అవతలి నుంచి అడిగాడు.

"అమ్మా, ఆమె లేదు గదా ఇగ. దాన్ని నాకిస్తరా? నీడకే పెడత. ఈసారి ఒట్టు."

"ఇయ్యను" అన్నాను.

నా గొంతు అంత పెద్దగా వచ్చిందని నాకే తెలియలేదు. కింది వాటావాళ్లు తల బయట పెట్టి చూశారు. ఆయన నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. తల ఊపాడు. "మంచిది" అన్నాడు. రెండు మెట్లు దిగి మళ్లీ ఆగాడు. "మా పోరిని తోల్కరావొచ్చునా?"

"ఎప్పుడైనా రండన్నా. ఎండ తగ్గినంక రండి."

ఆయన దిగిపోయాక తలుపు మూసి అక్కడే నిలబడ్డాను.  తరువాత తాళంచెవి తీసుకున్నాను. ఇంట్లో గడ్డి అయిపోవచ్చింది, గడ్డి అమ్మేవాళ్లు పొద్దు గుంకకముందే మూసేస్తారు.